బందరు బడిలో రంగుల పాఠం

మా బడిలో డ్రాయింగు పీరియడును లెక్కల మాస్టారు ఎన్నిసార్లు అడిగినా, మా డ్రాయింగు మాస్టారు వదులుకునేవారు కాదు. "బందర్లో చదువుకుంటూ బొమ్మ వెయ్యడం రాకపోయినా ఫర్వాలేదురా, చూడ్డం మాత్రం రావాలి" అనేవారు.

ఆ పట్టుదల ఈ ఊరిదే. 1910లో కోపల్లె హనుమంతరావు గారు మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది ఇక్కడే. ప్రమోద్ కుమార్ చటర్జీ గారు అందులో చిత్రలేఖనం నేర్పారు. ఆయన శిష్యుడు అడివి బాపిరాజు గారు 1930లలో ఆ కళాశాలకే ప్రిన్సిపాలయ్యారు. ముట్నూరి కృష్ణారావు గారి కృష్ణాపత్రిక కూడా బందరుదే. ఇవన్నీ మాస్టారు బోర్డు మీద గీతలు గీస్తూ చెప్పిన కబుర్లే.

తొమ్మిదో తరగతిలో ఓ ఆదివారం మాస్టారు మమ్మల్ని బస్సెక్కించి బందరు దగ్గరి పెడన తీసుకెళ్ళారు. కలంకారీ అద్దకం మొదటిసారి దగ్గరగా చూశాను. కరక్కాయ కషాయంలో ముంచి ఆరేసిన గుడ్డ లేత పసుపుగా ఉంది. ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన కసింలో టేకు అచ్చు ముంచి, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దారు. గీత కళ్ళముందే నల్లబడింది. ఇనుమూ కరక్కాయ వగరూ కలిస్తే వచ్చే నలుపట అది.

ఎరుపు సంగతి ఇంకా వింత. పటిక అద్దినచోట ముందు చెప్పుకోదగ్గ రంగేమీ కనపడదు. పారే నీళ్ళలో జాడించి, రంగునిచ్చే వేళ్ళూ ఆకులూ వేసిన కాగులో ఉడికిస్తే అప్పుడు తేలుతుంది. పటిక పడనిచోట ఆ ఎరుపు నిలవదు. నీళ్ళు మంచివి కాకపోతే రంగూ మంచిగా రాదని అక్కడి పెద్దాయన అన్నారు. కాలవ కూడా పనిముట్టేనని నాకప్పుడు తెలిసింది.

కాళహస్తిలో కలంతో పురాణగాథలు గీస్తారు. మన దగ్గర అచ్చులతో పూలూ తీగలూ వేస్తారు. గోల్కొండ నవాబుల కాలంలో పారశీక అభిరుచి ఈ రేవుకు చేరింది, ఇక్కడి గుడ్డలు ఓడలెక్కి పర్షియా వెళ్ళాయి. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందర్లో వర్తకస్థావరం పెట్టడానికీ ఈ బట్టలే పెద్ద ఆకర్షణ.

స్క్రీన్ ప్రింటు చీరను కలంకారీ అని అమ్ముతుంటే నాకు కోపం ఆగదు. చేత్తో అద్దిన గుడ్డలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడాగా పడుతుంది. మాస్టారు మా చేత ఆ అతుకే వెతికించారు. ఇప్పటికీ బట్టల కొట్లో నా కళ్ళు ముందు దానికోసమే చూస్తాయి.

ఈసారి మన బడి పూర్వవిద్యార్థుల సమ్మేళనంలో వేదిక వెనక ఫ్లెక్సీ వద్దు, పెడనలో అద్దించిన తెర కడదామని కమిటీకి రాశాను. అద్దకానికి వారాలు పడుతుంది కాబట్టి మాట త్వరగా తేల్చండి. ఖర్చులో సగం నేను పెట్టుకుంటాను. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ పని చూడ్డానికి తీసుకెళ్ళే బాధ్యత మీలో ఎవరైనా తీసుకోండి.