హార్డ్‌విక్ హాల్: గాజు మేడలో మసక గదులు

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఎం1 రహదారి మీద వెళ్తుంటే, గుట్టపైన ఆరు బురుజుల మేడ ఒకటి కనిపిస్తుంది. అదే హార్డ్‌విక్ హాల్. గోడకన్నా గాజే ఎక్కువని ఇంగ్లీషువాళ్లు దానిమీద పదం కట్టుకున్నారు. ముఖద్వారం పడమటి వైపు కాబట్టి పొద్దు వాలేవేళ చూడాలన్నారు. అలాగే వెళ్లాను. ఎండ పడగానే కిటికీలన్నీ ఒక్కసారిగా అంటుకున్నట్టయింది.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అంటాం కదా, ఈ ఇంటి యజమానురాలు బెస్ రెండింటిలోనూ ఆరితేరిన మనిషి. నాలుగు పెళ్లిళ్లు చేసుకుంది. రెండో భర్తతో కలిసి చాట్స్‌వర్త్‌లో మొదటి భవనం కట్టించింది. నాలుగో భర్త ష్రూస్‌బరీ ప్రభువు పోయిన 1590లోనే దీని పని మొదలైంది. డెబ్బైకి చేరువవుతూ 1597లో గృహప్రవేశం చేసింది. బురుజుల పిట్టగోడల మీద తన పొడి అక్షరాలు ‘ఇ.ఎస్.’ను (అసలు పేరు ఎలిజబెత్, ష్రూస్‌బరీ ప్రభువు భార్య) ఆకాశంలోకి రాతితో నిలబెట్టించింది. వినయం ఆవిడ సొత్తు కాదు!

ప్లాను వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్‌సన్‌దని చెబుతారు. పై అంతస్తుకు వెళ్లేకొద్దీ కిటికీల ఎత్తు పెరుగుతుంది. కింద పనివాళ్లు, నడుమ కుటుంబం, అన్నిటికీ పైన దర్బారు గదులు. గాజు బంగారంలా ఉన్న రోజుల్లో ఇన్ని కిటికీలు పెట్టడమంటే సంపదను వీధికి చూపించడమే. పొగగొట్టాలను చాలావరకు లోపలి గోడల్లోకి మళ్లించారు కాబట్టే బయటి గోడలు కిటికీలకు మిగిలాయి. కొన్ని మాత్రం ఉత్తుత్తివి. బయట అద్దాలు మెరుస్తాయి, వెనక గోడే. వరస చెడకూడదని ఇలా చేశారట. నాకు ఈ దొంగ కిటికీలే బాగా నచ్చాయి.

వెడల్పాటి రాతి మెట్లు మలుపులు తిరుగుతూ పైగదికి చేరుస్తాయి. అక్కడ గోడల పైభాగమంతా గచ్చుతో మలిచి రంగులద్దిన అడవి: చెట్లు, జింకలు, మధ్యలో వేటదేవత డయానా. పక్కనున్న పొడవాటి వసారా గది దాదాపు 50 మీటర్లు. అందులో బైబిల్ వీరుడు గిడియన్ కథ నేసిన 13 తెరలు వేలాడుతున్నాయి. బెస్ వాటిని 1592లో, ఎలిజబెత్ రాణి మంత్రి క్రిస్టఫర్ హాటన్ వారసుడి దగ్గర కొన్నది. వాటిమీదున్న హాటన్ వంశచిహ్నాలు మార్చుకోవాలి కదా అని బేరమాడి 5 పౌండ్లు తగ్గించుకుందట. మన సంతలో బేరమాడే అత్తగారే గుర్తొచ్చింది. ఈ తెరల మరమ్మతుకే 24 ఏళ్లు పట్టింది, 2023లో ముగిసింది.

ఇంత వెలుగు కోసం కట్టిన ఇంట్లో ఇప్పుడు చాలా గదుల్లో కిటికీ తెరలు దించి ఉంచారు. పాత నేతకు ఎండ పడదు. కంటికి మసక అలవాటయ్యేదాకా కాసేపు నిలబడాలి. తప్పదని తెలిసినా, ఒక్కరోజైనా ఆ కిటికీ తెరలు ఎత్తి చూపిస్తే బాగుండేదనిపించింది.

బయటికొచ్చాక పక్కనే ఉన్న పాత హాలు శిథిలాలను చూడకుండా తిరగవద్దు. అది కూడా బెస్ కట్టించిందే. దాని పని పూర్తికాకుండానే కొత్తదానికి పునాది వేయించింది.