శాన్ ఆంటోనియోలో రెండు ఖానాల అక్విడెక్టు

నిరుడు మే నెలలో టెక్సాస్‌లో అక్కావాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు బావ శాన్ ఆంటోనియో తీసుకెళ్ళి పాత స్పానిష్ మిషన్లు (చర్చి చుట్టూ స్పెయిన్ ఫాదర్లు పెట్టిన ఊళ్ళు) చూపించాడు. మొత్తం అయిదు, 2015లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. వాటిలో జనం ఎగబడేది అలమో మీదే గానీ నాకు అన్నిట్లోకీ అదే చప్పగా అనిపించింది. శాన్ హోసేలో రాతిలో చెక్కిన గులాబీ కిటికీ దగ్గర అక్క కదల్లేదు, నేనేమో నీడ వెతుక్కున్నాను (ఆ ఎండ మన రోహిణి కార్తెకేం తీసిపోదు).

అసలు సంగతి ఎస్పాడా మిషన్ దగ్గర. అక్కడ కాలువ ఉంది, ఇప్పటికీ నీళ్ళు పారుతున్న కాలువ! ఏటికి అడ్డంగా చిన్న ఆనకట్ట వేసి, నీళ్ళు కాలువలోకి మళ్ళించి, దారిలో వాగు అడ్డొస్తే దాని మీదుగా రాతి అక్విడెక్టు కట్టి పొలాలకి తీసుకెళ్ళారు, అదీ 1740ల్లో, అంటే మన ధవళేశ్వరం ఆనకట్టకి వందేళ్ళ ముందు. గోదావరి పాయ వైనతేయ మీద మన గన్నవరం పాత అక్విడెక్టుకి 49 ఖానాలు, దీనికి రెండంటే రెండే. "దీనికోసమా అరగంట నిలబడ్డావు?" అని బావ ఒకటే నవ్వు.

కట్టించింది ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు, తవ్వింది అక్కడి కోవాహుయిల్టెకన్ తెగల వాళ్ళు. వేటాడుకుంటూ తిరిగే జనం, ఆకలికీ అపాచీ తెగవాళ్ళ దాడులకీ తాళలేక మిషన్ గోడల లోపలికి వచ్చారు, వచ్చాక భాష పోయింది, దేవుళ్ళు పోయారు, మశూచిలాంటి రోగాలకి మనుషులే పోయారు. మిగిలినవాళ్ళ వారసులు కొందరు ఇప్పటికీ ఆ చర్చిలకే వస్తారు. మనకి కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ, గన్నవరంలో ఇటుకలు మోసినవాళ్ళలో ఒక్కడి పేరైనా ఎవరికి తెలుసు?

ఆ కాలువని అసేకియా అంటారు, అరబ్బీ నుంచి స్పానిష్‌లోకి వచ్చిన మాట. నీళ్ళు పారే పొలం ముక్కని స్వేర్తె అనేవాళ్ళు, చీటీలేసి పంచేవాళ్ళు కాబట్టి. ఆ మాటకి అదృష్టం అని అర్థం.

ఊరొచ్చాక ఇదంతా బాబాయికి చెప్పాను. ఆయనది కాలువ శివారు చేను. "పేరు సరిగ్గానే పెట్టారు, శివారోడికి నీళ్ళంటే లాటరీయే కదరా" అన్నాడు. కాసేపాగి, "ఇంతకీ అక్కడ లస్కరు ఉన్నాడా, తూము ఎవడెత్తుతాడు?" అన్నాడు.

అరగంట నిలబడ్డాను గానీ అది అడగాలని తట్టలేదు.