సార్ ఉన్నారా?

మా అక్క కూతురి బీఎస్సీ అయిపోవచ్చింది. ఎమ్మెస్సీకి చెన్నైలో ప్రభుత్వ యూనివర్సిటీనా, ఊరి బయట ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీనా అని ఇంట్లో రోజూ పంచాయితీ. ఫీజుల దగ్గర ఏది గెలుస్తుందో అందరికీ తెలుసు. అక్క భయం వేరే. "ప్రైవేటులో పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారంట. గవర్నమెంటు యూనివర్సిటీలో ప్రొఫెసర్ మొహమే కనపడదంట. నువ్వు చదివావు కదా, నిజం చెప్పు" అంటుంది. ఫోన్లో చెబితే సగమే వింటుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నేను చదివింది బోటనీ, చెన్నైలోనే, ఓ పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలో. పేరు రాయను. కింద చెప్పబోయే ఒకటి రెండు సంగతులు అక్కడివాళ్లకు నచ్చవు.

ముందు ఆ 'పెద్ద' అనే మాట సంగతి చూద్దాం. 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టినప్పుడు దాని పని ముఖ్యంగా పరీక్షలు జరిపి డిగ్రీలివ్వడం. పాఠాలు చెప్పేది కాలేజీలు. ఆ పద్ధతి ఇంకా పోలేదు. 1978లో వచ్చిన అన్నా యూనివర్సిటీ కింద ఇవాళ నాలుగు వందలకు పైగా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఆ కాలేజీల పిల్లలకు యూనివర్సిటీ అంటే హాల్ టికెట్ మీద ముద్ర, అంతే. ప్రొఫెసర్ మొహం కనపడదన్న మాట ఎక్కువగా వాళ్ల దగ్గర పుట్టిందే అని నా అనుమానం. క్యాంపస్ డిపార్ట్‌మెంట్‌లో చేరినవాళ్ల కథ వేరు. మా క్లాసులో ముప్పై మందిమి కూడా లేము. సూళ్లూరుపేట నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చే పిల్ల ఎవరో మొదటి వారానికే అందరు సార్లకూ తెలిసిపోయింది. రైలు లేటైతే దాక్కోవడానికి వెనక బెంచీ కూడా లేని క్లాసు అది.

అయితే ఆ కాలేజీల భారం మోసేది ఈ ప్రొఫెసర్లే. ప్రశ్నపత్రాలు, వాల్యుయేషన్, కాలేజీల తనిఖీ, సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగులు, వేరే ఊళ్లలో పీహెచ్‌డీ వైవాలు, అంటే నోటి పరీక్షలు. యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2018 నిబంధనల ప్రకారం టీచరు రోజుకు కనీసం ఐదు గంటలు సంస్థలో అందుబాటులో ఉండాలి. వారానికి అసిస్టెంట్ ప్రొఫెసర్ 16 గంటలు, ప్రొఫెసర్ 14 గంటలు పాఠం చెప్పాలి. కాగితం మీద బాగానే ఉంది. ఆ ఐదు గంటల్లో రూమ్‌లో ఎంతసేపు, మీటింగ్ హాల్లో ఎంతసేపు అన్నది ఆయనకూ ఆ దేవుడికీ తెలియాలి. మా సార్ తలుపు మీద ఇన్, అవుట్ అని జరిపే చెక్క పలక ఒకటి ఉండేది. నేను చేరినప్పుడు 'ఇన్'. బయటికొచ్చేటప్పుడూ 'ఇన్'. మధ్యలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. సార్ ఉన్నారా లేరా అన్నది తలుపు పక్కన స్టూలు మీద కూర్చునే అటెండర్ అన్నని అడగాల్సిందే.

రూమ్‌లో పట్టుకున్నా పెద్ద లాభం లేదు. పదకొండింటికి వెళ్తే టేబుల్ మీద ఫైళ్లు, ఎదురుగా రీసెర్చ్ స్కాలర్లు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఒక ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి గైడ్‌గా ఉండొచ్చని ఉంది. ఆ ఎనిమిది మంది తర్వాతే మన వంతు. నిలబడే అడగాలి, ఆయన తలెత్తకుండానే "రేపు రామ్మా" అంటారు.

అదే మనిషి నాలుగు తర్వాత ల్యాబ్‌లోకి వస్తే వేరే మనిషి. ఓసారి మైక్రోస్కోప్ కింద చూడ్డానికి ఆకు సెక్షన్లు, అంటే పలచని పొరలు కోస్తున్నాను, ఒక్కటీ పలచగా రావడం లేదు. సార్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. బంగాళదుంప ముక్కను నిలువుగా చీల్చి, మధ్యలో ఆకు పెట్టి, బ్లేడు తడిపి, తన వైపుకు ఒక్క లాగు లాగారు. వాచ్ గ్లాసులో నీళ్ల మీద తేలే ఆ పొర కంటికి ఆనలేదు. శాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి నేను అలాగే వదిలేయబోతుంటే చేయి ఆపి, "కడుగు, ఇంకా కడుగు, కణం గోడ కనపడాలి గానీ రంగు కాదు" అన్నారు. ఇంతలో ఫోన్ మోగింది. "అమ్మా, వచ్చేస్తా ఉండాను" అంటున్నారు, అచ్చ తెలుగులో! నా మొహం చూసి నవ్వి, "మా ఇంట్లో తెలుగేనమ్మా, మాది మదురై పక్క" అన్నారు. అప్పటిదాకా నా అరకొర తమిళం, అంతకంటే అరకొర ఇంగ్లీషు ఓపిగ్గా విన్నారన్నమాట. తర్వాత కూడా క్లాసులో తెలుగు మాట్లాడలేదు. ల్యాబ్ సింకు దగ్గర మాత్రం మాట్లాడేవారు.

అందరూ ఆయనలా ఉండరు. రికమెండేషన్ లెటర్ కోసం వేరే ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తే, "నువ్వే టైప్ చేసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అన్నారు. నా గురించి నేనే "ఈ అమ్మాయి చాలా తెలివైనది" అని రాసుకోవాల్సి వచ్చింది. చదవకుండానే సంతకం పెట్టారు. నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంకో సంగతి అక్కకు తెలియదు. పిల్లలకు అన్నిటికంటే సులభంగా దొరికేది గెస్ట్ లెక్చరర్లు. మాకు జెనెటిక్స్ చెప్పిన మేడమ్‌కి రూమ్ లేదు, లైబ్రరీ మెట్ల మీద కూర్చుని డౌట్లు చెప్పేది. ఎంతసేపైనా విసుక్కునేది కాదు. మరుసటి ఏడాది ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. లెటర్ రాయడానికి నిజంగా నా గురించి తెలిసిన మనిషి ఆమే. అప్పటికి ఆమె సంతకానికి డిపార్ట్‌మెంట్ ముద్ర లేదు.

అమెరికాలో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిన మా మరిది కొడుకు చెబుతుంటాడు: మొదటి ఏడాది క్లాసు సినిమా హాలంత, ఆఫీస్ అవర్స్ మాత్రం సిలబస్ కాగితం మీదే అచ్చేసి ఇస్తారట. ఆ టైముకు వెళ్తే చాలాసార్లు ప్రొఫెసర్ ఒక్కడే కూర్చుని ఉంటాడట. టైము చెప్పి కూర్చున్నా పిల్లలు వెళ్లరన్నమాట! మన దగ్గర టైము చెప్పరు, వెళ్లినవాళ్లను మాత్రం గెంటెయ్యరు.

అందుకని పాపకు నేను చెప్పింది ఇదీ. అప్లికేషన్ వేసేముందు ఒకసారి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లు. ప్రొఫెసర్‌ను కాదు, కారిడార్‌లో స్కాలర్లను కలువు. నీకు కావాల్సిన సార్ ఇప్పుడు హెచ్‌ఓడీనా, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్డా అని అడుగు. అయితే ఆ పదవి దిగేదాకా ఆయన నీకు దొరకడు. పర్మనెంటు పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో కూడా అడుగు, నిజం చెప్పేది వాళ్లే. ఏప్రిల్, నవంబర్ తర్వాత వాల్యుయేషన్ మొదలవుతుంది, అప్పుడు వెళ్లకు.

వచ్చే వారం సూళ్లూరుపేట నుంచి ఇద్దరూ వస్తున్నారు. అక్క మాత్రం ప్రైవేటు వాళ్ల బ్రోచర్ కూడా తెస్తానంది.