ఖరీదంతా ఫాల్స్ సీలింగ్ పైనే

నాది గాలి పని. ఇళ్లకి ఏసీ, వెంటిలేషన్ డిజైన్ చేస్తాను. ఫాల్స్ సీలింగ్ మూసేశాక నేను చేసింది ఎవరికీ కనపడదు, కనపడకూడదు కూడా. కోట్లు పోసి కట్టిన ఇంటి ఫోటోలు ఎవరైనా పంపిస్తే నేను ముందు చూసేది సీలింగ్ అంచులు. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎటు పోతోంది అని. ఆ ఫోటోల్లో మార్బుల్ ఉంటుంది, స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, రెండంతస్తుల ఎత్తు నుంచి వేలాడే షాండ్లియర్ ఉంటుంది. గాలి సంగతి మాత్రం ఉండదు.

అయితే ఈమధ్య నన్ను అడిగే ప్రశ్నలు మారాయి. ఇదివరకు "ఏసీ కనపడకుండా పెట్టగలరా?" అనేవాళ్లు. ఇప్పుడు "రాత్రి మా బెడ్‌రూమ్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉంటుంది?" అంటున్నారు. నిద్ర సరిగ్గా పట్టలేదని చేతి వాచీ చెబుతుంది, ఆ గ్రాఫ్ తీసుకొచ్చి నా ముందు పెడతారు, నేనేదో స్కానింగ్ రిపోర్ట్ చదివే డాక్టర్ని అయినట్టు. కోవిడ్ రోజుల్లో మొదలైన ఈ ధ్యాస ఇంకా తగ్గలేదు. నాకైతే లగ్జరీ ఇళ్లలో వచ్చిన పెద్ద మార్పు ఇదేననిపిస్తుంది. కంటికి కనిపించే ఆడంబరం నుంచి డబ్బు మెల్లగా గోడల వెనక్కి పోతోంది.

ఆ ప్రశ్నలో అర్థం లేకపోలేదు. అది పెరిగిందంటే గదిలో గాలి మారట్లేదని గుర్తు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ మిలియన్‌కి 420 పాళ్ల పైచిలుకు ఉంటుంది. తలుపులు బిగించుకుని ఇద్దరు పడుకున్న గదిలో అది తెల్లారేసరికి 1000 దాటడం మామూలే, కొన్నిసార్లు 2000 కూడా దాటుతుంది. ఇల్లు ఎంత ఖరీదైనదైతే ఈ ఇబ్బంది అంత ఎక్కువ. చవక కిటికీకి సందులుంటాయి, వాటిలోంచి గాలి దానంతట అదే మారుతుంది. ఖరీదైన కిటికీ రబ్బరు సీళ్లతో డబ్బా మూతలా బిగిసిపోతుంది. పైగా గోడకి పెట్టే స్ప్లిట్ ఏసీ సాధారణంగా గదిలో గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకి వదులుతుందని, బయటి నుంచి కొత్త గాలి తేదని చాలామందికి ఇప్పటికీ తెలియదు.

అందుకని ఈ ఇళ్లలో ఇప్పుడు తాజా గాలికి వేరే యంత్రం పెడుతున్నాం. అందులో, బయటికి పంపే చల్లగాలి పోతూ పోతూ లోపలికొచ్చే వేడిగాలిని కాస్త చల్లబరిచి పోతుంది, రెండూ కలవకుండానే. చలి దేశాల్లో ఇదే తిరగేసి జరుగుతుంది. ఆ యంత్రానికి సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టర్ కావాలని అందరూ అడుగుతారు. 0.3 మైక్రాన్ల కణాలని 99.97 శాతం పట్టేస్తుందన్న మాట అందరికీ కంఠతా వచ్చేసింది. అంత సన్నని ఫిల్టర్‌లోంచి గాలిని తొయ్యాలంటే ఫ్యాన్ గట్టిగా తిరగాలన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. గట్టిగా తిరిగితే చప్పుడు. చప్పుడు రాకూడదంటే గాలి నెమ్మదిగా పోవాలి, నెమ్మదిగా పోవాలంటే డక్ట్, అంటే గాలి పోయే గొట్టం, పెద్దదవ్వాలి, డక్ట్ పెద్దదైతే సీలింగ్ కిందికి దిగుతుంది. అక్కడ ఆర్కిటెక్ట్‌కి నాకు గొడవ మొదలవుతుంది, ఎందుకంటే ఎత్తైన సీలింగ్ కూడా ఇప్పటి ట్రెండే.

నిశ్శబ్దం కూడా అంతే. బ్రోచర్లలో దానికీ ఒక పేజీ ఇస్తున్నారు. రెండు మూడు పొరల గాజుతో వీధి చప్పుడు ఆపేశాక అప్పటిదాకా వినపడనివన్నీ వినపడటం మొదలవుతుంది. పై అంతస్తులో ఫ్లష్ చేస్తే గోడలో పైపు, వంటింట్లో ఫ్రిజ్, నా డక్ట్‌లో గాలి. రోడ్డు పక్క ఇంట్లో ఎవరూ నా ఫ్యాన్ మీద ఫిర్యాదు చెయ్యలేదు. నిశ్శబ్దమైన ఇంట్లో మాత్రం ఫోన్లు వస్తాయి.

నేల నుంచి పైకప్పు దాకా గాజు గోడల మోజు ఇంకా పోలేదు. పోతే బాగుండునని నా కోరిక. అమ్మేది వ్యూ, కొనేదీ వ్యూ. పడమటి వైపు గాజు పెట్టుకుని మధ్యాహ్నం మూడింటికి మోటార్ బ్లైండ్లు దించేసుకుని, లోపల లైట్లు వేసుకుని కూర్చుంటారు. ఎండని వడగట్టే కోటింగులు బాగా మెరుగయ్యాయి, నిజమే. అయినా గోడకి గాజు సాటి రాదు. కిటికీ పైన రెండడుగుల చూరు వెయ్యమంటే పాతకాలం డిజైన్ అంటారు. సన్ షేడ్ అని రాసిస్తే ఒప్పుకుంటారు.

వంటిల్లు మాత్రం రెండైంది. ముందున్నది అతిథులు చూడటానికి, మధ్యలో రాతి పలకతో, చుట్టూ నాలుగు వైపులా తిరగగలిగే ఐలాండ్ గట్టు. వెనకున్నది వండటానికి. వెనకటి వంటింటిని బ్రోచర్లో ఒక్కో దేశంలో ఒక్కో పేరుతో పిలుస్తారు, పని ఒకటే. నాకు ఈ ఏర్పాటు ఇష్టం, పొగ ఎక్కడ పుడుతుందో అక్కడే పట్టుకోవచ్చు కాబట్టి. గ్యాస్ పొయ్యి నుంచి వచ్చే, ఊపిరికి మంచిది కాని నైట్రోజన్ డయాక్సైడ్ గురించి తెలిశాక ఇండక్షన్ అడిగేవాళ్లు పెరిగారు. ఆ రాతి పలక కథ కూడా మారుతోంది. పొడి చేసిన రాయిని రెసిన్ అనే జిగురుతో కలిపి చేసే ఇంజనీర్డ్ స్టోన్‌ని కోసేటప్పుడు లేచే సిలికా ధూళితో కార్మికుల ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి దాన్ని నిషేధించింది. పేషెంట్లు ఎక్కువమంది ఆ పలకలు కోసినవాళ్లే. నిషేధం లేనిచోట కూడా కొందరు క్లయింట్లు ఆ రాయి వద్దంటున్నారు. వాళ్లంటే నాకు గౌరవం.

స్మార్ట్ హోమ్ సంగతి వేరు. ఒకప్పుడు ప్రతి గది గోడకీ టచ్ స్క్రీన్ ఉంటేనే గొప్ప. ఇప్పుడవి పాత ఫోన్లలా కనిపిస్తున్నాయి, వాటికి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ ఉందో లేదో కూడా చెప్పలేం. వేర్వేరు కంపెనీల వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 2022లో మ్యాటర్ అనే ప్రమాణం వచ్చింది, కొంత మేలు జరిగింది. అయినా బాగా డబ్బున్నవాళ్ల ఇళ్లలో నేనిప్పుడు చూస్తున్నది చేత్తో నొక్కితే టక్కుమనే స్విచ్చులు. ఆటోమేషన్ అంతా వెనకాల వైరు మీద నడుస్తుంది, అతిథి మాత్రం లైటు ఎలా వెయ్యాలో అడగక్కర్లేదు.

ఇక బ్రాండ్ల పేర్లతో ఇళ్లు. ఇది కొత్తదేం కాదు, న్యూయార్క్‌లో 1927లో కట్టిన షెర్రీ నెదర్లాండ్‌ని ఈ తరహాకి ఆద్యంగా చెబుతారు. కాకపోతే అప్పట్లో హోటల్, ఇప్పుడు కార్ల కంపెనీలు. మయామీ దగ్గర 2017లో తెరిచిన పోర్షే డిజైన్ టవర్‌లో మీరు కారులో కూర్చుని ఉండగానే లిఫ్ట్ మిమ్మల్ని మీ ఫ్లాట్ దాకా తీసుకెళ్తుంది. సరదాగానే ఉంటుంది. ఆ లిఫ్ట్ ఆగిపోయిన రోజు ఎవరిని పిలవాలా అన్నది నా లాంటివాడికి ముందొచ్చే ఆలోచన. చాలాచోట్ల బ్రాండ్ కంపెనీ ఇల్లు కట్టదు, పేరు అద్దెకిస్తుంది, కొంత పర్యవేక్షణ చేస్తుంది. పేరు రావడం ఎంత సులువో పోవడమూ అంతే. న్యూయార్క్‌లో ఒక భవనంలో ఫ్లాట్ల యజమానులు కోర్టుకి వెళ్లి తీర్పు తెచ్చుకుని మరీ 2018లో గోడ మీంచి ట్రంప్ పేరు తీయించేశారు.

పెద్దదే గొప్ప అన్న లెక్క కూడా కాస్త వెనక్కి తగ్గింది. లాస్ ఏంజెలెస్‌లో కొనేవాడెవరో తెలియకుండానే కట్టిన ది వన్ అనే లక్ష చదరపు అడుగుల భవనాన్ని 29.5 కోట్ల డాలర్లకి అమ్మకానికి పెడితే, 2022 మార్చి వేలంలో 12.6 కోట్ల బిడ్‌కి పోయింది. దాంట్లో గాలి ఆడించడానికి, ఎవరూ నిద్రపోని గదులని చల్లగా ఉంచడానికి అయ్యే నెల ఖర్చు ఊహించుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. ఎత్తు విషయంలోనూ అదే. న్యూయార్క్‌లో 432 పార్క్ అవెన్యూ 426 మీటర్ల సన్నని టవర్. గాలి దూరిపోవడానికి మధ్యమధ్యలో కొన్ని అంతస్తులు ఖాళీగా వదిలేశారు. నీళ్లు లీకవుతున్నాయని, లిఫ్టులు ఆగిపోతున్నాయని, గాలి వీస్తే కిర్రుమంటోందని అక్కడి యజమానుల సంఘం 2021లో డెవలపర్ల మీద కేసు వేసింది. ఆరోపణల్లో నిజానిజాలు నేను తేల్చలేను. కానీ ఆ జాబితాలో మార్బుల్ రంగు గురించో షాండ్లియర్ గురించో గొడవ ముఖ్యం కాదు. నీళ్లు, లిఫ్టు, చప్పుడు, అన్నీ గోడ వెనకవే.

ఇన్సూరెన్స్ మాట కూడా చెప్పాలి, ఇంటి డిజైన్‌ని ఇప్పుడు సగం అదే నడిపిస్తోంది. కాలిఫోర్నియాలో 2023లోనే అక్కడి అతిపెద్ద ఇళ్ల బీమా కంపెనీ కొత్తగా పాలసీలు ఇవ్వడం ఆపేసింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని పాలిసేడ్స్ ప్రాంతంలో కార్చిచ్చు వచ్చి సముద్రం పక్కన ఖరీదైన ఇళ్లు కాలిపోయాయి. కార్చిచ్చులో చాలా ఇళ్లు ఎదురుగా వచ్చిన మంటకి అంటుకోవు. గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వ పైకప్పు కింది వెంట్‌లోంచి లోపలికి దూరుతుంది. అంటే నాలాంటివాళ్లు గాలి కోసం పెట్టిన రంధ్రమే! అందుకని అక్కడ కార్చిచ్చు ప్రమాదమున్న ప్రాంతాల్లో కట్టే కొత్త ఇళ్లలో ఆ వెంట్‌కి నిప్పురవ్వలు దూరకుండా సన్నని జాలీ లాంటి అడ్డు ఉండాలని నిబంధన. కొనేవాళ్లు వైన్ సెల్లార్ కన్నా ముందు ఆ జాలీ గురించి అడగడం ఇప్పుడు వింతేం కాదు.

ఇల్లు చూడటానికి తోడు రమ్మని నన్ను కొందరు పిలుస్తుంటారు. నేను హాల్లో ఎక్కువసేపు నిలబడను. మెషిన్ రూమ్ తాళం అడుగుతాను. ఫిల్టర్ మార్చాలంటే మనిషి నిలబడే చోటుందా, ఆ ఫిల్టర్ ఎక్కడైనా దొరుకుతుందా, ఒకే కంపెనీ నుంచి తెప్పించుకోవాలా, మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఎన్నేళ్లకి, ఆ తర్వాత రేటు ఎవరు నిర్ణయిస్తారు, ఇవీ నా ప్రశ్నలు. సేల్స్ అమ్మాయి దగ్గర వీటికి జవాబు ఉండదు. పాపం, ఆమెకి ఇచ్చిన కాగితంలో అవి లేవు.

ఇంటీరియర్ డిజైనర్లతో నాకున్న అసలు పేచీ యాక్సెస్ ప్యానెల్ దగ్గర. యంత్రం కింద సీలింగ్‌లో రెండడుగుల చదరపు మూత వదలాలి, లేకపోతే రేపు రిపేరుకి సీలింగే కొయ్యాలి. వాళ్లకి ఆ గీత కనపడకూడదు. స్క్రూలు లేకుండా, అంచు తెలియకుండా, పెయింట్‌లో కలిసిపోయే మూతలు ఇప్పుడు దొరుకుతున్నాయి, మామూలు వాటికన్నా బాగా ఎక్కువ ధరకి. ఈ మధ్య చేసిన ఇంటికి అవే వేయించాను. మొదటి సర్వీసుకి వచ్చిన కుర్రాడు మూత ఎక్కడుందో తెలియక నాకే ఫోన్ చేశాడు. డ్రాయింగ్ పంపించాను.