పోరుమామిళ్ల చెరువు, దాని ఆరు దోషాలు

బద్వేలులో బస్సు మారి కడప జిల్లా పోరుమామిళ్ల చేరేసరికి ఎండ బాగా ముదిరింది. అయినా ముందు శాసనం దగ్గరికే వెళ్లాను. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు 1369లో ఈ చెరువు కట్టించి, ఆ వైనమంతా రెండు రాళ్ల మీద చెక్కించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని. నన్ను ఇంత దూరం రప్పించినవి మాత్రం అందులోని చెరువు లక్షణాలు. మంచి చెరువుకు పన్నెండు అంగాలుండాలట, ఆరు దోషాలు ఉండకూడదట. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మెరక, కొద్ది నీటికి ఎక్కువ పొలం, ఎక్కువ నీటికి కొద్ది పొలం.

కట్ట మీద నడుస్తున్నంతసేపూ ఆ మెరక గురించే ఆలోచించాను. కట్టినవాళ్లు మెరక లేని చోటే ఎంచుకుని ఉంటారు. కానీ ఏ చెరువులోకైనా ప్రతి వానకూ పై చేల మట్టి దిగుతూనే ఉంటుంది. వాళ్లు వద్దన్న దోషాన్ని 650 ఏళ్లుగా వరదే మోసుకొస్తోంది! అడుగు పైకి లేచేకొద్దీ నీరు పలచగా పరుచుకుని త్వరగా వేడెక్కుతుంది, త్వరగా ఆవిరవుతుంది. మట్టితో పాటు ఎరువుల్లోని భాస్వరమూ వచ్చి బురదలో చేరుతుంది. అడుగున ఆక్సిజన్ తగ్గినప్పుడు అది మళ్లీ నీళ్లలో కలిసి నాచును పెంచుతుంది. అందుకే పొలాల్లో ఎరువు తగ్గించినా చెరువు తేరుకోవడానికి ఏళ్లు పడుతుంది.

గొర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగి పలకరించాడు. చెరువు బాగానే నిండుతుందా తాతా అని అడిగాను. "మరవ (అలుగు) పారితే నిండిందంటారు నాయనా. నిండిన నీళ్లు ఎన్నాళ్లుంటాయో అది చూడాల" అన్నాడు. చెరువును కొలవాల్సిన పద్ధతి అదే. మనం మాత్రం ఈ ఏడు నిండిందా లేదా అనే చూస్తాం.

సరస్సుల పాత చరిత్ర కోసం శాస్త్రజ్ఞులు అడుగు బురదలోకి గొట్టం దించి మట్టిని పొరలు పొరలుగా తీస్తారు. అందులోని పుప్పొడి, డయాటమ్‌లనే కంటికి కనబడని నాచుల పెంకులు ఏ కాలంలో చుట్టూ ఏ చెట్లుండేవో, నీళ్లెలా ఉండేవో చెబుతాయి. అణుబాంబు పరీక్షల్లో వెలువడి నేల మీద పడిన సీజియం అనే రేడియోధార్మిక పదార్థం ఎక్కువగా కనిపించే పొరను 1963 ప్రాంతానిదిగా గుర్తిస్తారు. మన చెరువులు ఎండిపోతుంటాయి, రైతులు ఒండ్రు తోలుకుంటారు, కాబట్టి పొరలు కొంత చెదిరే ఉంటాయి. అయినా నడి చెరువులో లోతున ఎంతో కొంత మిగలొచ్చు.

ఇలాంటి చెరువుల్లో పూడిక తీయాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. జేసీబీలు దిగకముందే ఆ బురదను నాలుగు చోట్ల గొట్టాలతో తీసి భద్రపరచాలన్నదే నా కోరిక.