ప్రోగ్రెస్ కార్డు పక్కన జవాబు పత్రం

"మా వాడు పాసేనా మేడం?" ప్రోగ్రెస్ కార్డు చేతికివ్వగానే తల్లిదండ్రులు అడిగే మొదటి మాట ఇది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెప్పే నేను చాలాకాలం "పాసే అమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి" అని పంపించేదాన్ని. మా బడిలో ఎవరినీ అదే తరగతిలో ఆపడం లేదు కాబట్టి అందరూ పాసే. బిడ్డకు చదువు వస్తోందా అన్నదే వాళ్ల అసలు ప్రశ్న అని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఒక ఏడాది మొదటి ఎఫ్.ఎ. (పాఠాలు సాగుతుండగా మధ్యమధ్యలో జరిపే మూల్యాంకనం) తర్వాత ఒక పాప తండ్రి తెలుగులో 'ఏ' గ్రేడు చూసి మురిసిపోయారు. కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, ఇంట్లో అందరికీ చూపించాలట. ఆ సాయంత్రం మార్కుల రిజిస్టరు తిరగేస్తుంటే నాకు మనసొప్పలేదు. ఎఫ్.ఎ.లో 50 మార్కులు. తరగతిలో పాల్గొనడానికి 10, రాత పనులకు 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. మొదటి మూడింటిలో పాపకు 30కి 30 వేశాను. నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలు, ప్రాజెక్టు వాళ్ల అక్క చేసిచ్చింది. సొంతంగా రాసిన లఘు పరీక్షలో వచ్చినవి 8. మొత్తం 38, అంటే 76 శాతం. 71 నుంచి 90 దాకా 'ఏ' గ్రేడే. పాప చూసి రాయగలదు, చదవడం మాత్రం రాదు. ఆ సంగతి కార్డులో లేదు, నేనూ చెప్పలేదు.

తర్వాతి తల్లిదండ్రుల సమావేశంలో ముందు నల్లబల్ల మీద విద్యా ప్రమాణాలు రాసి వివరించబోయాను. ధారాళంగా చదవడం, స్వీయరచన, సమస్యా సాధన... అందరూ తలలూపారు, ఒక్కరూ ఏమీ అడగలేదు. అది మా శిక్షణ తరగతుల భాష, వాళ్లకు పట్టేది కాదు. బల్ల తుడిచేసి, జవాబు పత్రాలు తీసి ఒక్కొక్కరినీ బిడ్డతో సహా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఒకరి కార్డు ఇంకొకరి ముందు తెరవకూడదు, ఈ ఒక్క విషయంలో నేను ఇప్పటికీ గట్టిగా ఉంటాను. 22 మంది పిల్లలకు రెండు రోజులు పట్టింది.

సంతలో కూరగాయలు అమ్మే ఒక తల్లి వచ్చారు. కొడుక్కి గణితంలో 'సి'. "వీడికి లెక్కలు రావు మేడం, వాళ్ల నాన్న పోలిక" అన్నారు. పేపరు తెరిచాను. 45లోంచి 18 తీసివేత నిలువుగా వేసి 27 అని సరిగ్గా రాశాడు, పదుల నుంచి తెచ్చుకున్న గుర్తు కూడా ఉంది. దాని కిందే అవే అంకెలతో మాటల లెక్క: "రవి దగ్గర 45 గోళీలున్నాయి. తమ్ముడికి 18 ఇచ్చాడు. ఎన్ని మిగిలాయి?" అక్కడ 63 అని ఉంది. గోళీల బదులు రూపాయలు పెట్టి తల్లి చేతే అడిగించాను. తడుముకోకుండా "27" అన్నాడు. అదే ప్రశ్న కాగితంలో చూసి చదవమన్నాను. కూడబలుక్కుంటూ వచ్చి 'మిగిలాయి' దగ్గర ఆగిపోయాడు.

ఆమె కాసేపు పేపరు వైపే చూసి, "అయితే వీడికి రానిది చదవడం కదా మేడం" అన్నారు. బడి మెట్లెక్కని మనిషి. నేనేమో అన్నాళ్లూ వాడికి ఎక్కాలూ తీసివేతలూ ఇచ్చి ఇంటికి పంపుతున్నాను! రోజూ పది నిమిషాలు పుస్తకం పైకి చదివించుకుని వినమన్నాను. చదువు రాకపోయినా బిడ్డ ఎక్కడ ఆగుతున్నాడో తల్లికి తెలుస్తుంది.

పాప తండ్రితో మాట్లాడటమే కష్టమైంది. 20కి 8 వచ్చిన కాగితం ఆయన ముందు పెట్టి, 'ఏ' ఎలా వచ్చిందో కూడి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. "ముందే చెప్పాల్సింది మేడం" అని మాత్రం అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి బడి వదిలాక పాపను అరగంట ఉంచి అక్షరాల నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

ఎస్.ఎ. (టర్ము చివర పెట్టే పెద్ద పరీక్ష) ఫలితాలొచ్చినప్పుడు కూరగాయల తల్లి కార్డు పక్కన పెట్టేసి ముందు జవాబు పత్రమే అడిగారు. గ్రేడు 'సి' నుంచి 'బి'కి వచ్చింది. ఆమె దాన్ని చూడలేదు. మాటల లెక్కలో ఒక మాట కింద కొడుకు పెన్సిలుతో గీత గీసుకున్నాడు. దాని మీద వేలు పెట్టి, "ఇది ఏ మాటరా?" అని వాడినే అడిగారు.

"మిగిలాయి" అని చదివాడు.