అర్థం తలకిందులయ్యే ఇంగ్లీషు మాటలు

‘ఎనర్వేట్’ అనగానే ఎనర్జీ గుర్తొచ్చి, హుషారు నింపడం అనుకుంటారు చాలామంది. అసలు అర్థం నీరసపరచడం, సత్తువ పీల్చేయడం. లాటిన్‌లో దీని మూలార్థం నరాలు తీసేయడం. మే నెలలో రెంటచింతల ఎండకు మనిషి తోటకూర కాడలా వేలాడిపోతే ‘ది హీట్ ఎనర్వేటెడ్ హిమ్’ అనాలి. పలికేటప్పుడు ఊనిక మొదటి ‘ఎ’ మీద.

‘నాన్‌ప్లస్డ్’తో చిక్కు ఇంకా ఎక్కువ. ఏం చెయ్యాలో పాలుపోక నిలబడిపోవడం దీని అసలు అర్థం. ‘ఇంకేమీ లేదు’ అనే లాటిన్ మాట ‘నోన్ ప్లూస్’ నుంచి వచ్చింది. అమెరికాలో మాత్రం ఏమాత్రం చలించని మనిషికీ వాడేస్తున్నారు. అందుకే ఆఫీసు మెయిల్లో దీన్ని వదిలేసి, ‘పజిల్డ్’ అనో ‘అన్‌మూవ్డ్’ అనో రాయడమే నయం.

‘డిస్‌ఇంటరెస్టెడ్’ అంటే ఏ పక్షానికీ మొగ్గని, స్వలాభం చూసుకోని అని. జడ్జికి ఆ గుణం ఉండి తీరాలి. ఆసక్తి లేకపోవడానికి ‘అన్‌ఇంటరెస్టెడ్’ ఉంది. ఈ తేడా పోగొట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

సిఫారసు లేఖల్లో ‘ఫుల్‌సమ్ ప్రెయిజ్’ అసలు వాడొద్దు. నిండైన మెచ్చుకోలు అనుకుని మీరు రాస్తే, చదివేవాళ్లకు వెగటు పుట్టించే పొగడ్త అనిపించవచ్చు. ‘హై ప్రెయిజ్’ చాలు.